పిట్టగోడ అవతలి సగం సినిమా

మొన్న ఆదివారం పొద్దున మదనపల్లెలో మా ఇంటి ముందు ఎండలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు ప్రాజెక్టు పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన చేరింది. వాళ్ళ బడిలో గోడంత తెర మీద, జర్మనీలో యూదులను ఎలా వేధించి, ఎలా చంపారో చెప్పే సినిమా చూపించారట. దాని మీద పది పాయింట్లు రాసుకురమ్మన్నారట. ముప్ఫై ఏళ్ళు సాంఘికశాస్త్రం చెప్పిన అవ్వ ఇంట్లో ఉండగా ఫోన్‌లో వెతుక్కోవడం ఎందుకని నా దగ్గరికి వచ్చిందట. నాకు ముచ్చటేసింది. పాత అలవాటు కొద్దీ, సినిమా సరిగ్గా కనపడనివాళ్ళు మీ తరగతిలో ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఆ పిల్ల ఏమాత్రం తడుముకోలేదు. ఆ గదిలో కుర్చీలు తక్కువట, అందుకని ప్రభుత్వం ఫీజు కట్టే కోటాలో చేరిన పేదింటి పిల్లలు తలుపు బయట నడవాలో నిలబడి చూశారట. వాళ్ళకది అలవాటేనట, వాళ్ళేమీ అనుకోరట.

నాకు ఒళ్ళు మండింది. మనవరాలి మీద కాదు, పిల్లది, ఇంట్లో ఎవరూ చెప్పందే దానికెలా తెలుస్తుంది. ఆ బడివాళ్ళ మీద మండింది, మంచి బడి అని ఏరికోరి అందులో చేర్పించిన మా అమ్మాయి మీదా అల్లుడి మీదా మండింది. కానీ ఆ మంటలో ఎక్కువ పాలు ముప్ఫై ఏళ్ళ పాతది. అది నా మీద నాకున్నది. దాన్ని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. నా వయసు వాళ్ళు, ముఖ్యంగా నాలాగా సుద్దముక్క పట్టుకుని బతికినవాళ్ళు చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

తొంభైల మొదట్లో నాకు మొదటి ఉద్యోగం పుంగనూరు నుంచి సదుం పోయే దారిలో ఒక ఊరి హైస్కూల్లో వచ్చింది. మాది మదనపల్లెలో అంగడి పెట్టుకున్న కుటుంబం, ఇంట్లో ఉద్యోగానికి వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేనే. పొద్దున ఆరింటి బస్సుకు పుంగనూరు చేరి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని, దిగాక మైలు దూరం నడిచి, చీర కుచ్చిళ్ళకు అంటిన ఎర్రమట్టి దులుపుకుంటూ ప్రార్థన గంటకు అందుకునేదాన్ని. పదో తరగతి పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం పాఠం ఉండేది. కారణాలు, ఫలితాలు, ఒప్పందాలు అన్నీ అంకెలు వేసి మరీ ఉండేవి. యూదుల సంగతి మాత్రం నాలుగు వాక్యాల్లో ముగించారు. పరీక్షలో ఆ నాలుగు వాక్యాల్లోంచి ప్రశ్న రాదు కనుక పిల్లలు వాటిని దాటేసి చదివేవారు. అయ్యవార్లు కూడా దాటేసే చెప్పేవారు.

అంతటితో పోయినా బాగుండేది. మా హెడ్మాస్టరు గారు స్టాఫ్‌రూములో కాఫీ తాగుతూ, ఆ జర్మనీ నియంతలాంటివాడు మనకొకడు కావాలి, అప్పుడుగానీ ఈ దేశం దారికి రాదు అనేవారు. బస్సులో పక్క సీటువాళ్ళూ అదే మాట, మా చిన్నాన్న అంగట్లో కూర్చుని అదే మాట. మనుషులను లక్షల్లో చంపినవాడు వీళ్ళకు బెత్తం పట్టుకున్న అయ్యవారిలా కనపడేవాడు. నేను వింటూ ఊరుకునేదాన్ని కాదు. ఎదిరించి చెబితే చిన్నపిల్ల, కొత్తగా వచ్చింది, ఆవేశం అని నవ్వి ఊరుకునేవారు.

మాటతో కానిది బొమ్మతో అవుతుందని నాకు నేనే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాను. బెంగళూరులో పనిచేసే మా చిన్నాన్న కొడుకు చేత, పాత రీళ్ళ ముక్కలు కూర్చి తీసిన ఒక ఇంగ్లీషు చిత్రం వీడియో క్యాసెట్టు తెప్పించాను. నాలుగు నెలలు వెంటపడితే దొరికింది. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో క్యాసెట్టంటే పెళ్ళిదీ, పేరంటానిదీ, లేదంటే అందరూ చందాలేసుకుని క్యాసెట్టు ఆడించే డెక్కు తెచ్చుకుని చూసే సినిమాదీ. ఇలాంటిది చూడటానికి డెక్కు పెట్టాలంటే ఇంట్లోవాళ్ళు విచిత్రంగా చూశారు. నేను నాలుగుసార్లు చూసి, ఎక్కడ ఆపాలో, ఏ మాటకు తెలుగులో ఏం చెప్పాలో ఒక పుస్తకంలో రాసుకున్నాను. పార్కు బెంచీ మీద వాళ్ళు కూర్చోకూడదని పెట్టిన బోర్డు, కోటు మీద కుట్టించిన గుర్తు, రైలు పెట్టెలు, చివర్లో కెమెరా ఒక గదిలోకి పోయి నేల మీదికి దిగడం. ఆ చివరి బొమ్మ దగ్గర ఏమీ చెప్పకుండా ఊరుకోవాలని ఎర్ర సిరాతో రాసుకున్నాను.

బడిలో టీవీ లేదు. ఆ ఊళ్ళో మా హెడ్మాస్టరు గారి వియ్యంకుడి ఇంట్లో ఉండేది, డెక్కుతో సహా. ఆయన మాజీ సర్పంచు, భూమి ఉన్న మనిషి. ఊరి నడుమ పెద్ద ఇల్లు, ముందు గచ్చు పంచ, పంచ చుట్టూ నడుమెత్తు పిట్టగోడ, దాని ముందు కంకర పోసిన వాకిలి. హెడ్మాస్టరు గారే అడిగి ఒప్పించారు. పంచలో పీట మీద టీవీ పెట్టారు. పగలు కరెంటుండే వారం చూసుకుని, శనివారం మధ్యాహ్నం పదో తరగతి పిల్లలను జంటలు జంటలుగా వరస కట్టించి బడినుంచి తీసుకుపోయాను. ఆ వీధి మలుపులో కొందరు పిల్లలు వంగి లేస్తూ వరస చెడగొడుతుంటే గట్టిగా కసిరాను కూడా. ఎందుకు వంగుతున్నారో చూడలేదు. నా ధ్యాసంతా సంచీలో ఉన్న క్యాసెట్టు మీద ఉంది.

గేటు దాటగానే ఆ వరస రెండుగా చీలింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎవరూ ఎవరినీ ఆపలేదు. బడిలో ఒకే బెంచీ మీద భుజాలు తగిలేట్టు కూర్చునే పిల్లల్లో సగానికి పైగా మెట్లెక్కి పంచలోకి వచ్చి టీవీ ముందు చాప మీద కూర్చున్నారు. మిగిలిన పదకొండుమంది, అప్పట్లో హరిజనవాడ అనే చోటినుంచి వచ్చే పిల్లలు, వాకిట్లో పిట్టగోడకు అవతల నిలబడ్డారు. అందులో మా తరగతికి మొదటి ర్యాంకు వచ్చే అమ్మాయి ఉంది. చరిత్ర పాఠంలో నేను ఒక ప్రశ్న అడిగితే ఎదురు రెండు ప్రశ్నలు అడిగే పిల్ల.

నేను గమనించలేదని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళలో మా ఆయనకు కూడా అలాగే చెప్పాను. అబద్ధం. నేను చూశాను. చూసి, వాకిట్లో గాలి బాగా వస్తుందిలే, వీళ్ళు నిలబడితే ఏం పోతుంది, పెద్దాయన టీవీ ఇవ్వడమే గొప్ప, ఇప్పుడు గొడవెందుకు అనుకున్నాను. పెద్దాయన భార్య పంచలో ఉన్నవాళ్ళందరికీ మజ్జిగ ఇచ్చింది. నేనూ ఒక లోటా తాగి, టీవీ పక్కన నిలబడి, మనుషులను మనుషుల్లోంచి విడదీసి పక్కన నిలబెట్టడంతోనే ఈ ఘోరమంతా మొదలైందర్రా అని పాఠం చెప్పాను. నోరు ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. చివరి బొమ్మ వచ్చినప్పుడు పంచలో పిల్లలంతా ఒక్కసారి అమ్మా అన్నారు. నేను రాసుకున్నట్టే ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను, నా పాఠం ఫలించిందని పొంగిపోతూ.

సోమవారం అందరినీ చూసిందేమిటో రాయమన్నాను. అందరూ రైళ్ళ గురించీ మంటల గురించీ రాశారు. ఆ అమ్మాయి నోటు పుస్తకంలో ఒక్క పేజీనే ఉంది. మొదటి సగం బెంచీ గురించీ బోర్డు గురించీ చక్కగా రాసి, కింద ఇలా రాసింది: "మాకు పిట్టగోడ అడ్డం. టీవీలో పైసగమే కనపడింది. అందరివీ తలకాయలు చూసినాము. ఆఖర్న అందరూ అమ్మా అన్నారు. కింద ఏముందో మాకు తెలియదు, మీరు చెప్పలేదు."

మొదట నాకు ఆ పిల్ల మీద కోపమొచ్చింది. ఇంత కష్టపడి తెచ్చి చూపిస్తే ఎత్తిపొడుపా అనుకున్నాను. రెండోసారి చదివితే తల కొట్టేసినట్టయింది. మూడోసారి చదివాక నేను చేసిన పనికి ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు. ఆ పుస్తకం తీసుకుపోయి హెడ్మాస్టరు గారి బల్ల మీద పడేసి, చూడండి, మన పిల్ల ఏం రాసిందో చూడండి, బడికి టీవీ తెప్పించండి, లేదంటే పై అధికారులకు ఇదే పంపిస్తాను అని అరిచాను. నా సిగ్గును కప్పుకోవడానికి నాకొక ఆయుధం కావాల్సి వచ్చింది, ఆ పిల్ల పుస్తకం చేతికి దొరికింది. దాన్ని అడిగానా, లేదు. దాని పేరు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఉందన్న జ్ఞానం కూడా లేకపోయింది. ఆయన ప్రశాంతంగా చదివి, చూద్దాంలేమ్మా అని సొరుగులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రానికే సంగతి వియ్యంకుడింటికి చేరింది.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి చోటు ఖాళీ అయింది. నాలుగు రోజులు చూసి వాళ్ళింటికి పోయాను. వాళ్ళ నాయన ఆ పెద్దాయన దగ్గరే సేద్యానికి ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. బిడ్డను చదివించి మా పంచ మీద మాటలు రాయిస్తావా అని పెద్దాయన అడిగాడట, అంతే, ఇంకేమీ అనలేదట. ఆ నాయన మరునాడే కూతురిని శాంతిపురంలో ఉన్న వాళ్ళ మేనత్త దగ్గరికి పంపేశాడు. పదో తరగతి పరీక్షలకు ఇంకా ఆర్నెల్లు కూడా లేవు. నేను ఏదేదో చెప్పాను, పెద్దాయనతో మాట్లాడతానన్నాను, పిల్లను మదనపల్లెలో మా ఇంట్లో పెట్టుకుని చదివిస్తానన్నాను. ఆయన నాకు కూర్చోవడానికి మంచం వాల్చి, తాను దూరంగా నిలబడి అంతా విన్నాడు.

"మీ మింద కోపం ల్యాదమ్మా," అన్నాడు చివరికి. "మీరు సాయంత్రానికి బస్సెక్కి మదనపల్లెకు పోతారు. మేము ఈడనే ఉండాల గదా."

నేను లేచి, ఆ సాయంత్రం బస్సుకే మదనపల్లెకు వచ్చేశాను. ఆ ఏడాది పబ్లిక్ పరీక్షల్లో మా బడికి మంచి ఫలితాలు వచ్చాయని హెడ్మాస్టరు గారికి శాలువా కప్పారు. ఆ సభలో నేను చప్పట్లు కొట్టలేదు, నా పౌరుషం అంతవరకే. తర్వాత బదిలీ మీద వచ్చేసే రోజున ఆయన గదిలోకి పోయి, సొరుగు లాగి, అడక్కుండా ఆ నోటు పుస్తకం తీసుకుని సంచీలో వేసుకున్నాను. ఆయన చూస్తూనే ఉన్నారు.

ఆ పుస్తకం నాతోపాటే రెండు వేల సంవత్సరం దాటాక కుప్పానికి వచ్చింది. కుప్పం మాకు దూరమే, అక్కడే ఇల్లు తీసుకుని ఉన్నాం. బెంగళూరు, మద్రాసు రైళ్ళ కూతలు వినిపించే ఆ ఊళ్ళో తెలుగు, తమిళం, కన్నడం కలిపి మాట్లాడే పిల్లలకు పాఠం చెప్పడం నాకు బాగుండేది. బడికి ప్రభుత్వం ఇచ్చిన టీవీ ఉండేది. క్యాసెట్టు పోయి డిస్కు వచ్చింది. ప్రతి ఏడూ ఆ చిత్రం చూపించేదాన్ని. చూపించే ముందు నేను గదిలో నాలుగు మూలలా కింద కూర్చుని, తెర అడుగు అంచు దాకా కనపడుతుందో లేదో చూసేదాన్ని. తోటి అయ్యవార్లకు అదొక తమాషా. మేడంకు చాదస్తం అని నవ్వుకునేవారు. ఆ నియంతలాంటివాడు కావాలన్న మాట ఇక్కడి స్టాఫ్‌రూములోనూ వినపడేది. ఇప్పుడు నేను పెద్దదాన్ని కనుక, అన్నవాళ్ళ కాఫీ చల్లారేదాకా కడిగేసేదాన్ని.

ఒక జూన్ నెలలో, పిల్లలను చేర్పించే రోజుల్లో, స్టాఫ్‌రూము గుమ్మం బయట ఒకామె పదకొండేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. మేడం, నేను గుర్తుండానా అని అడిగింది. ఎదురు రెండు ప్రశ్నలు వేసే ఆ కళ్ళు మరచిపోయేవి కావు. మేనత్త కొడుక్కే ఇచ్చి చేశారట, ఆయన శాంతిపురం దగ్గర రాతి పనిలో ఉన్నాడట, పెద్దదాన్ని ఆరో తరగతిలో వేయడానికి కుప్పం వచ్చిందట. నేను క్షమించమని అడగాలనుకుని నోరు తెరిచానో లేదో, ఆమే ముందు అడిగేసింది.

"ఆ పొద్దు కింద ఏముండాది మేడం?"

పన్నెండు పదమూడేళ్ళుగా ఆ ప్రశ్న ఆమె దగ్గరే ఉంది. నేను మాటల్లో చెప్పకుండా టీవీ ఉన్న గదికి తీసుకుపోయి, ముందు బెంచీలో తల్లినీ బిడ్డనూ కూర్చోబెట్టి, మొదటినుంచీ చూపించాను. ఈసారి ఒక్క మాటా చెప్పలేదు. కెమెరా ఆ గదిలోకి పోయింది, నేల మీదికి దిగింది. చెప్పుల గుట్ట. చంపబోయే ముందు విప్పించినవి, మగవాళ్ళవి, ఆడవాళ్ళవి, నడక కూడా రాని పసిపిల్లలవి, కొండలా పోసినవి. ఆమె అమ్మా అనలేదు. తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా మెల్లగా అంది:

"ఆ పొద్దు మావి మా సేతుల్లోనే ఉండె మేడం. ఆ ఈదిలో తొడుక్కోకూడదు గదా."

వీధి మలుపులో ఆ పిల్లలు ఎందుకు వంగారో నాకు అప్పుడు తెలిసింది. వంగినందుకు కసిరింది నేనే. విప్పించిన చెప్పుల బొమ్మ దగ్గర పిల్లల గుండెలు కరగాలని ఎర్ర సిరాతో రాసుకున్న నాకు, గోడకు అవతల పదకొండుమంది చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డారన్నది కనపడనే లేదు. వాళ్ళకు సగమైనా కనపడింది. నాకు అది కూడా కనపడలేదు.

ఇంటినుంచి ఆ నోటు పుస్తకం తెప్పించి ఆమెకు ఇచ్చాను. తన అక్షరాలు తాను చదువుకుని, కొంగులో చుట్టుకుంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, నా బిడ్డ ఏమన్నా రాస్తే మీరే సదవండి మేడం, ఇంగెవురికీ సూపించొద్దండి అంది. కోపంగా అనలేదు, బతిమాలినట్టూ అనలేదు. ఫీజు ఎక్కడ కట్టాలి అని అడిగినంత మామూలుగా అంది. ఆ పిల్ల పదో తరగతి దాటేదాకా నేను ఆ మాట నిలబెట్టుకున్నాను. ఇది రాయబోయే ముందు కూడా ఆమెకు ఫోన్ చేసి అడిగాను. మా ఊరి పేరూ నా పేరూ వేయకుంటే రాసుకోండి అంది. అందుకే వేయలేదు.

నాలుగు వాక్యాలున్న చోట ఇప్పుడు పుస్తకంలో నాలుగు పేజీలు ఉన్నాయి, రంగు బొమ్మలతో. నేను నెలల తరబడి ఎదురుచూసిన క్యాసెట్టు ఇప్పుడు ఎవరి జేబులో ఫోన్ తీసినా ఉంటుంది. పీట మీద చిన్న టీవీ పోయి గోడంత తెర వచ్చింది. ఆ ఊరి వీధిలో ఇప్పుడు చెప్పులు విప్పనక్కర్లేదని ఆమే చెప్పింది. ఇవన్నీ మంచి మార్పులే, కాదనను. ఆ రోజుల్లో ఒక్క చిత్రం చూపిస్తే పిల్లలు వారం రోజులు దాని గురించే మాట్లాడేవారు, ఆ వారం కోసం ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది.

కానీ మొన్న ఆదివారం నేను మనవరాలిని ఇంకో మాట అడిగాను. నడవాలో నిలబడ్డ పిల్లల్లో ఒక్కరి పేరు చెప్పమన్నాను. జూన్ నుంచీ ఒకే తరగతి. చిక్కుడుకాయలన్నీ అయిపోయేదాకా ఆలోచించి, తెలియదు అవ్వా అంది. ప్రాజెక్టు పుస్తకం మూసి చేతికిచ్చి, ముందు ఆ పేర్లు అడిగి, తలుపు బయటినుంచి వాళ్ళకేది కనపడలేదో కనుక్కునిరా, పది పాయింట్లు ఆ తర్వాత చూద్దాం అన్నాను. ముఖం ముడుచుకుని లోపలికి పోయింది. వచ్చే సోమవారం నేను కూడా ఆ బడికి పోయి, ఆ నడవాలో నిలబడి, తెర ఎంత కనపడుతుందో చూసి, ఆ తర్వాత వాళ్ళ ప్రిన్సిపాలుతో మాట్లాడతాను. నేను వాకిట్లో నిలబెట్టిన పదకొండుమంది పేర్లూ హాజరు పట్టీ వరసలో ఇవాళ్టికీ చెప్పగలను. మేము పేరు పేరునా ఎరిగి నిలబెట్టాం. వీళ్ళు పేరైనా అడక్కుండా నిలబెడుతున్నారు.